పొద్దుగూకేలోపు రావలసిన వైమార్ ప్రయాణం

జర్మనీ వెళ్లి ఏం చూశారని అడిగినవాళ్లకు, ఒక పాత ఊరు, దాని పక్కన మనుషుల్ని చంపిన కొండ చూశామని చెబుతున్నాను. మా మిర్యాలగూడ వీధిలో ఇది విన్నవాళ్లు ఇద్దరు మాట మార్చారు. ఒకావిడ మాత్రం, కొండ దిగినాక స్నానం చేసిన్రా అని అడిగింది. అడగవలసిన ప్రశ్న అదే. అక్కడికి పోవడానికి మేము రెండు వారాలు ఏర్పాట్లు చేసుకున్నాం, ఆ ఒక్క సంగతి తప్ప అన్నీ ఆలోచించుకున్నాం.

మేము అంటే నేను, నా చెల్లెలు విజయ. పుట్టింది గరిడేపల్లిలో. నన్ను మిర్యాలగూడకు, దాన్ని కోదాడకు ఇచ్చారు. ఇద్దరం బడి మొహం చూడలేదు. నాన్న సాయంత్రాలు ఇంట్లో కూర్చోబెట్టి పలక మీద అక్షరాలు దిద్దించాడు. ఆ చదువుతోనే ఇది రాస్తున్నాను. ఇంతవరకు వచ్చినందుకు ఆయనకు, ఆ పైన ఉన్న స్వామికి దండం.

కోదాడ బస్సు

ముందు ఒక సంగతి చెప్పాలి. అది చెప్పకపోతే జర్మనీ అంతా చెప్పినా అర్థం కాదు.

మా వైపు ఒక ఇంట్లో మనిషి పోతే, దినాలు అయిపోయాక తోడబుట్టినవాళ్లు వచ్చి ఆ ఇంటివాళ్లను తమ ఇంటికి తీసుకుపోతారు. వండి పెట్టి, ఒక రాత్రి పడుకోబెట్టి, తెల్లవారి పంపిస్తారు. దీన్ని నిద్ర అంటారు. పోయినవాళ్ల ఇల్లు వదిలి బయట ఒక రాత్రి కన్ను మూస్తే, మనిషి మళ్లీ నలుగురిలో పడ్డట్టు లెక్క.

విజయ భర్త, అంటే మా మరిది, కోదాడలో మోటార్లకు వైండింగ్ చేసే దుకాణం నడిపేవాడు. కరోనా రెండోసారి వచ్చినప్పుడు హైదరాబాదులో దవాఖానలో పోయాడు. దూరం నుంచి ఒక మూట చూపించి, ఈయనే అన్నారు. దగ్గరికి రానివ్వలేదు. దినాలకు నలుగురు వచ్చారు. ఆ నలుగురిలో నేను లేను. మా ఆయన గుండెకు అప్పటికే స్టెంట్ వేశారు, ఇంట్లోకి ఏది వస్తుందోనని నాకు భయం. ఫోన్ చేశాను. ఇద్దరం గంటసేపు ఏడ్చాం. తర్వాత నేను లేచి వంట చేసుకున్నాను. దాన్ని నిద్రకు పిలవలేదు.

అప్పటినుంచి విజయ మా ఇంటికి రాకుండా లేదు. పండక్కి వస్తుంది, వాడపల్లి నరసింహస్వామి దర్శనానికి వస్తుంది, మామిడికాయలు తెస్తుంది. తింటుంది, నవ్వుతుంది, ఐదు గంటల బస్సెక్కి కోదాడ పోతుంది. ఒక్క రాత్రి ఉండలేదు. మా ఆయన ఒకసారి, "చీకటి పడ్తది, ఉండరాదు?" అన్నాడు.

"బస్సున్నది బావా," అంది విజయ.

రెండేళ్లు అదే జవాబు. నేను మాత్రం ఉండమని ఒక్కసారి కూడా అనలేకపోయాను. అనవలసిన రోజు అనలేదు, ఇక ఏ మొహంతో అనాలి.

ఇంతలో విజయ కూతురు శ్రావణి లీప్‌జిగ్‌లో ప్రసవించింది. అక్కడ ఆసుపత్రిలో నర్సు పని చేస్తుంది. బాలింతకు తల్లి తోడుండాలి కదా. "పెద్దమ్మా, అమ్మ ఒక్కతే విమానం ఎక్కదు. నువ్వు గూడ రా," అని శ్రావణి నాకు ఫోన్ చేసింది. సూర్యాపేటలో కాగితాలు రాయించుకున్నాం. రాసేవాడు ప్రయాణం ఎందుకని అడిగితే విజయ, "తానాలు పోయడానికి," అంది. అతను సందర్శన అని రాసుకున్నాడు.

లీప్‌జిగ్: కాగితం మీద

శ్రావణి ఇల్లు మూడో అంతస్తు. మొదటి రోజు పిల్లవాడికి నీళ్లు పోసి సాంబ్రాణి వేశాం. పైకప్పులో ఒక తెల్లటి డబ్బా కూత మొదలుపెట్టింది. ఎదురింటాయన బనీను మీద బయటికి వచ్చి మమ్మల్ని, పిల్లవాణ్ని, నిప్పుల గిన్నెను వరుసగా చూశాడు. రెండో రోజు నుంచి బాల్కనీలో వేశాం. ఆయన తన బాల్కనీలో నిలబడి చూసేవాడు. వారం తిరిగేసరికి, మేము ఆలస్యం చేస్తే గడియారం చూసుకునేవాడు.

రెండో నెల నిండాక శ్రావణి, "ఇద్దరు ఒక్కరోజు బయటికి పోయి రాండ్రి. ఎన్ని రోజులని ఈ గోడలు చూస్తరు," అంది. రైలులో గంట, గంటంపావు దూరంలో వైమార్ అనే పాత ఊరుందట. కవులు ఉన్న ఊరు. దాని పక్క కొండ మీద బుఖెన్‌వాల్డ్, యుద్ధం నాటి చెర. వేలకు వేల మందిని అక్కడ పెట్టి చంపారు.

"చంపిన జాగను చూసుడెందుకే?" అంది విజయ.

"అందరు పోతరమ్మా. బడిపిల్లలను గూడ తీస్కపోతరు."

"టికెట్టెంత?"

"కొండ మీద టికెట్ లేదు."

"చచ్చిపోయినోళ్ల ఇంటికి టికెట్టెందుకుంటది," అని విజయ ఒప్పుకుంది. ఆమె లెక్కలో అది చూడటానికి పోయే చోటు కాదు, పలకరించి వచ్చే ఇల్లు.

శ్రావణి నా వైపు చూసి, "ఊరు మంచిగుంటది. ఒక రాత్రి ఉండి రాండ్రి," అంది. నేను పిల్లవాడి గోళ్లు చూస్తూ కూర్చున్నాను.

"రాత్రెందుకు? పొద్దున పోయి పొద్దుగూకేలోపు రావాలె," అంది విజయ.

"అమ్మా, ఈడ పొద్దుగూకేది తొమ్మిదిన్నరకు."

"మరింకేంది. తొందరే లేదు."

శ్రావణి తెల్లకాగితం మీద అంతా తెలుగులో రాసి ఇచ్చింది. ఏ రైలు, ఏ పెట్టె, ఎక్కడ బస్సు, ఏం చూడాలి, ఎక్కడ ఏమి ఉందో రెండు ముక్కల్లో. నేను పులిహోర కలిపాను. శనివారం కాబట్టి బయట ఏదీ ముట్టవద్దని అనుకున్నాం.

వైమార్

ఊరు కడిగి ఆరబెట్టినట్టుంది. రాళ్లు పరిచిన వీధులు, పసుపు గోడలు, గుర్రబ్బండ్లు. బండి కిరాయి అడిగితే చెప్పిన ధర విని విజయ గుర్రాన్ని పైనుంచి కిందికి ఒకసారి చూసింది. నడిచాం.

నాటకశాల ముందు ఇద్దరు కవుల విగ్రహం ఉంది. ఇద్దరూ కలిసి ఒకే దండను పట్టుకున్నారు. ఎవరు ఎవరికి ఇస్తున్నారో నాకు తెలియలేదు.

"సన్మానానికి ఒక్క దండే తెచ్చిన్రా?" అంది విజయ.

మూత్రానికి పోతే ఒక యూరో. మన డబ్బుల్లో వందకు కాస్త తక్కువ. సూర్యాపేట బస్టాండులో ఐదు రూపాయలిచ్చి ముక్కు మూసుకుంటాం. ఇక్కడ వంద ఇచ్చి ముక్కు తెరుచుకోవచ్చు. తేడా ఉందని ఒప్పుకోవాలి. సంత చౌకులో పొగలు కక్కుతూ మాంసం కడ్డీలు కాలుస్తున్నారు. పిడికెడంత రొట్టెలో మూరెడు కడ్డీ పెట్టి ఇస్తారు, రెండు వైపులా బయటికి ఉంటుంది. తినేవాళ్లు ఏ వైపు నుంచి మొదలుపెట్టాలో ఆలోచించుకోవడం చూశాం.

తోటలో బల్ల మీద కూర్చుని పులిహోర విప్పాం. పక్కన ఒక ముసలామె వచ్చి కూర్చుంది. మనుషులు పక్కనుండగా మేమే తినడం మాకు చేతకాదు. డబ్బా మూతలో పెట్టి ఇచ్చాం. ఆమె తన సంచి తెరిచి సొంత చెంచా తీసింది. పచ్చిమిరపకాయతో సహా తిన్నది. ముఖం ఎర్రబడ్డా ఆపలేదు. తర్వాత అదే సంచిలోంచి గుప్పెడు చెర్రీ పండ్లు తీసి విజయ ఒళ్లో పోసింది.

ఇక ఎక్కడికి అన్నట్టు చెయ్యి తిప్పింది. శ్రావణి కాగితంలో ఇంగ్లీషు అక్షరాల్లో ఉన్న కొండ పేరు చూపించాను. ఆమె చదివింది. కాగితాన్ని మడతల ప్రకారమే మడిచి నాకిచ్చింది. విజయ చెయ్యి ఒకసారి పట్టుకుని లేచి పోయింది. ఆ ఊళ్లో మాకు మొదట అయిన చుట్టరికం అదే. ఆమె ఎక్కడున్నా చల్లగా ఉండాలి.

కొండ మీద

బస్సు అడవి గుండా ఎక్కుతుంది. చెట్లు నున్నగా, నిటారుగా ఉన్నాయి. ఈ రోడ్డును చెరలో ఉన్నవాళ్లతోనే వేయించారని కాగితంలో ఉంది. బస్సులో ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. మన దగ్గర చావుకు పోయే ట్రాక్టరులో కూడా కాసేపు పంటల ధరలు మాట్లాడుకుంటారు.

ఇనుప గేటు మీద అక్షరాలున్నాయి. బయట నుంచి తిరగేసి కనబడతాయి. ఎవరికి రావలసింది వాళ్లకు, అని అర్థమట. లోపలున్నవాళ్లు రోజూ చదువుకోవడానికి రాయించారు. నేను అక్షరాలు ఎంతో ఇష్టంగా నేర్చుకున్న మనిషిని. వాటిని అలా కూడా వాడతారని అక్కడే చూశాను.

లోపల పెద్ద మైదానం. చెరలో ఉన్నవాళ్లను ఉంచిన గుడిసెలు ఇప్పుడు లేవు, అవి ఉన్న చోట్ల నల్లరాళ్లు పరిచారు. జూన్ నెలలో కూడా గాలి ఎముకల్లోకి దూరుతోంది. మబ్బు కమ్మి ఉంది. మైదానంలో నేలకు సమంగా ఒక ఇనుప పలక పరిచి ఉంది. దాని మీద ఇక్కడ చనిపోయినవాళ్ల దేశాల పేర్లు. బడిపిల్లలు కొందరు వంగి దాన్ని ముట్టుకుని పోతున్నారు. వాళ్ల పంతులమ్మ మమ్మల్ని చూసి, మీరూ ముట్టండి అన్నట్టు సైగ చేసింది.

విజయ గొంతుకూర్చుని అరచెయ్యి పెట్టింది. తీసింది. పక్కన నేల మీద పెట్టింది. మళ్లీ పలక మీద, ఈసారి జ్వరం చూసినట్టు చేతివెనుక ఆనించింది.

"ఎండ లేదు గదక్కా. ఎచ్చగున్నదేంది?"

కాగితం తీసి చదివాను. ఈ పలకను ఏడాది పొడుగూ, మంచు కురిసినా సరే, బతికున్న మనిషి ఒంటి వేడితో ఉంచుతారు. అంతకు ఎక్కువ కాదు, తక్కువ కాదు.

"కరెంటు పెట్టిన్రా?"

"కరెంటే అయి ఉంటది."

విజయ ఇరవై ఏండ్లు మోటార్ల దుకాణంలో కూర్చున్న మనిషి. తీగ ఎక్కడినుంచి వచ్చిందోనని పలక అంచుల వెంట చూసింది. కనబడలేదు. రెండు అరచేతులూ పెట్టి అట్లాగే ఉండిపోయింది. బడిపిల్లలు ఆమె చుట్టూ తిరిగి వెళ్లారు.

చాలాసేపటికి, "ముట్టనియ్యలే గదక్కా ఆయన్ని," అంది.

నేను దాని సంచి పట్టుకుని నిలబడ్డాను. ఎక్కవలసిన బస్సు వెళ్లిపోయింది. ఇంకొకటి మరో గంటకు ఉంది. విజయ ఏడ్చింది. రెండేళ్ల కింద ఫోన్లో ఏడ్చినట్టు కాదు, మామూలుగా, ముక్కు చీదుకుంటూ. నేను పక్కన కూర్చుని వీపు మీద చెయ్యి వేశాను. ఆ పని అప్పుడు కోదాడలో చేయవలసింది. ఆలస్యంగానైనా చేయించినందుకు స్వామికి దండం పెట్టుకున్నాను.

వచ్చేటప్పుడు వాకిట్లో కూర్చున్న ఉద్యోగి మర్యాదగా, మళ్లీ కలుద్దాం అని అర్థమొచ్చే మాట అన్నాడు. వాళ్లకు ఎక్కడైనా అదే సెలవు మాట. చావింటి నుంచి కదిలేటప్పుడు మనం వస్తామని చెప్పం. విజయ తల తిప్పుకుని నడిచింది. ఆయన ఏమనుకున్నాడో.

నీళ్ల కోసం

కొండ దిగుతున్న బస్సులో విజయ హఠాత్తుగా నిటారుగా కూర్చుంది.

"అక్కా, గిట్లనే ఇంటికెట్ల పోతం?"

అప్పుడు నాకూ తట్టింది. చావుచోటు నుంచి వచ్చి, తల మీద నీళ్లు పోసుకోకుండా, బాలింత ఉన్న ఇంట్లోకి, రెండు నెలల పసిగుడ్డు దగ్గరికి. మన దగ్గరైతే ఇంటి బయటే బకెట్ పెట్టి ఉంచుతారు. మూడో అంతస్తులో బయట అంటే మెట్లు. శ్రావణికి ఫోన్ చేశాం.

"అమ్మా, ఇక్కడ గివన్నీ ఎవరు పట్టించుకుంటరు? వచ్చి మన బాత్రూంలనే చెయ్యి."

"బాత్రూంకు పోవాలంటే ఇంట్లకు రావాలె గదనే."

"ఈడ అందరు పోతరు, వస్తరు. పిల్లలకేం అయితలేదు."

"నీ కొడుకు వీళ్ల కొడుకు కాదు గదా," అంది విజయ.

శ్రావణి వెతికి, ఈతకొలను ఉందని చెప్పింది. అక్కడ స్నానం చేయవచ్చట, కాని ఈత బట్టలు వేసుకోవాలట. విజయ ఫోన్ నా చేతికి ఇచ్చేసింది. సంత చౌకులో నీళ్లు చిమ్మే తొట్టి ఉంది. దాని దగ్గర కాసేపు ఆగాం. నేను విజయ మోచెయ్యి పట్టుకునే ఉన్నాను.

చివరికి స్టేషను దారిలో గదులు అద్దెకిచ్చే ఇల్లు కనబడింది. యజమానురాలు మెడలో వేలాడే కళ్లజోడు పెట్టుకుని, చీరల్లో, సామాను లేకుండా ఉన్న ఇద్దరు ఆడవాళ్లను చూసింది. ఫోన్లో శ్రావణి ఆమెతో జర్మనులో మాట్లాడింది, మాకు తెలుగులో చెప్పింది.

"స్నానానికి వేరే ధర లేదట పెద్దమ్మా. గదికైతే ఎనబై యూరోలు. గంట ఉన్నా, తెల్లారేదాకా ఉన్నా అంతేనట."

"ఎనిమిది వేలు పెట్టి తానమా," అని విజయ గొణిగింది.

నేను డబ్బులు తీసి బల్ల మీద పెట్టాను. యజమానురాలు ఫోన్లో శ్రావణిని ఇంకేదో అడిగింది. ఎందుకు స్నానమని అడుగుతోందట. శ్రావణి చెప్పింది. ఆమె కళ్లజోడు తీసేసింది. కొండ మీది నుంచి వచ్చినవాళ్లు కాఫీ అడుగుతారు, కొందరు సారా అడుగుతారు, నీళ్లు అడిగినవాళ్లు మీరే అన్నదట. తువాళ్లు రెండు ఇవ్వవలసిన చోట ఆరు ఇచ్చింది.

గది

తలల మీద పోసుకున్నాం. చీరలు పిండి కిటికీకి కట్టాం. మార్చుకోవడానికి ఏమీ తెచ్చుకోలేదు కాబట్టి దుప్పట్లు చుట్టుకుని, కుర్చీల్లో ఎదురెదురుగా కూర్చున్నాం. ఎవరైనా చూస్తే రాతి విగ్రహాలు అనుకునేవారు. మిగిలిన చెర్రీ పండ్లు తిన్నాం. వేడి నీళ్లు ఎంతైనా వస్తున్నాయని విజయ మెచ్చుకుంది.

శ్రావణి ఫోన్ చేసి ఏడున్నరకు రైలుందని, తర్వాత కూడా ఉన్నాయని చెప్పింది. కిటికీలో ఎండ మన నాలుగు గంటల ఎండలాగే ఉంది.

ఏడు గంటలకు లేచి చీరలు ముట్టి చూశాను. అవి పాలిస్టరు చీరలు, కిటికీ గాలికి అప్పడాల్లా ఆరిపోయాయి. ఇంకా ఆరలేదని అంటే సరిపోయేది. ఆ మాట నాలుక మీదికి వచ్చింది కూడా. కాని ఈ ఒక్క విషయంలో దొంగదారిన పోవాలనిపించలేదు.

"ఆరినయ్ విజయా. రైలున్నది," అన్నాను.

అది దుప్పటి సవరించుకుంటోంది.

"ఒకటడుగుతా. ఈ రాత్రికి ఉండు. అప్పుడు పిలవాల్సింది, భయపడి పిలవలే. నాది తప్పే. ఇప్పుడు పిలుస్తున్న."

విజయ లేచి కిటికీ దగ్గరికి వెళ్లింది. నా చీర ముట్టింది, తన చీర ముట్టింది. కొంగులు వేళ్ల మధ్య నలిపి నలిపి చూసింది. నేను దాని వీపునే చూస్తున్నాను.

"కొంగులు ఇంకా పచ్చిగనే ఉన్నయక్కా," అంది.

అబద్ధాలకు దేవుడికి కృతజ్ఞత చెప్పడం నాకు అలవాటు లేదు. ఆ రోజు చెప్పాను.

తెల్లవారి

విజయ ఎనిమిది దాటినా లేవలేదు. కోదాడలో ఐదింటికే వాకిలి ఊడ్చే మనిషి. నోరు కొంచెం తెరుచుకుని, ఒక చెయ్యి బయటపెట్టి పడుకుంది. నేను చీర కట్టుకుని, జపం చేసుకుని, మళ్లీ చేసుకుని కూర్చున్నాను.

కింద ఫలహారం పెట్టారు. నాలుగు రకాల రొట్టెలు, వెన్న, జున్ను, ఉడకబెట్టిన గుడ్లు, చక్కెర పాకంలో పండ్లు. ఉప్పూ కారం అనేవి ఆ బల్ల మీదికి రాలేదు. యజమానురాలు విజయ వెనుక నిలబడి, ఒక్కో రొట్టె అయిపోగానే ఇంకొకటి పెట్టింది. వద్దంటే వినలేదు. ఆ ఒక్క విషయంలో ఆమె అచ్చం మన మనిషే.

తింటుండగా శ్రావణి ఫోన్ వచ్చింది. విజయ స్పీకర్లో పెట్టింది.

"రాత్రి రైలెక్కుతరు అనుకున్న. ఏమైందమ్మా?"

"ఏం కాలే. పెద్దమ్మ నన్ను నిద్రకు తీస్కపోయింది," అంది విజయ.

శ్రావణి కోదాడలో పెరిగిన పిల్ల, దానికి విడమరిచి చెప్పనక్కరలేదు. మెల్లగా, "మంచిగ పండుకున్నవా?" అంది.

"పండుకున్న. గని పిలిచినోళ్లు వండి పెట్టాలె గదనే. ఈమె పక్కింటోళ్లతోని బ్రెడ్డు పెట్టించింది."

ఫోన్ పెట్టేసి, చేతిలో ఉన్న రొట్టెముక్కను అటూ ఇటూ తిప్పి చూసి, నాతో అంది, "మిర్యాలగూడల అయితే పప్పుచారన్న చెయ్యి."

చేస్తానన్నాను.